ముప్పాతిక బొంతకు వ్యతిరేకంగా

అక్టోబర్ 11, శనివారం

ఆర్డిత్ నాకు బొంత కుట్టనంది.

ఇరవై రెండేళ్ల స్నేహం. ఇద్దరం సమ్మెలో పక్కపక్కన నిలబడి గొంతులు పోగొట్టుకున్నాం. నా నడుంలో డిస్కు జారినప్పుడు అడవిలో బస చేసేటప్పుడు నేల మీద పడుకోవడం మానిపించి, చెట్టుకీ చెట్టుకీ మధ్య గుడ్డ ఉయ్యాల కట్టుకోవడం నేర్పింది కూడా తనే. అలాంటి మనిషి ఇవాళ తన గ్యారేజీలో, నెత్తిన స్నానాల టోపీతో, కనుబొమ్మల నిండా బొంతల్లో కూరే బాతు నూగుతో నిలబడి, "నువ్వడిగిన కొలత కుట్టను మాక్సీన్" అంది.

నేనేం అడిగాను? ఉయ్యాల అడుగున కట్టుకునే కింద బొంత. తల నుంచి పాదాల దాకా, నిండుగా. డెబ్భై ఎనిమిది అంగుళాలు.

"నీకెందుకే అంత పొడుగు? నీ ఉయ్యాలే పొట్టిది, తొమ్మిదడుగులు. నువ్వు అయిదడుగుల ఒక అంగుళం. ముప్పాతిక బొంత చాలు. భుజాల నుంచి పిక్కల దాకా వస్తుంది. పాదాల కిందకి ఓ చాప ముక్క పడేసుకో."

"ఒంటికి బొంత, పాదాలకి చాప ముక్కా?"

"అవును."

"ఏం పాపం చేశాయి పాదాలు?"

"పాపం కాదే తల్లీ, సరిపోతుంది."

సరిపోతుందట! పనిచేసేవాడికి ఏది కోసినా పైవాడు చెప్పే మాట ఇదే. బీమా కోసినప్పుడూ అదే అన్నారు, బళ్లో పిల్లల భోజనం కోసినప్పుడూ అదే అన్నారు. ఇప్పుడు ఆర్డిత్ నోట కూడా వినాల్సి వచ్చింది.

ఆ పైన పాఠం మొదలుపెట్టింది. ఉయ్యాలలో పడుకున్నదాని వీపు కింద ఉండేది గాలేనట. లోపల ఎన్ని దుప్పట్లు పరిచినా ఒంటి బరువుకి అణిగిపోతాయట. అందుకే బొంతని బయటవైపు వేలాడదీస్తామట. అది వీపుకి అంటీ అంటనట్టు ఆనాలట. ఉయ్యాల వంపుకి మించి పొడుగైతే రెండు కొసలా కుచ్చుపోసుకుని మధ్యలో జారుతుందట. ఇవన్నీ నాకు తెలియవన్నట్టు! నేను నిన్న పుట్టినట్టు!

వచ్చేశాను. తలుపు నేను వెయ్యలేదు, గాలికి పడింది.

అక్టోబర్ 12

"నిన్న గాలెక్కడ ఉందీ?" అన్నాడు లెస్టర్. ముప్పై ఏళ్లు గాజు ఫ్యాక్టరీలో చేసిన మొగుడు, చెవులు సగం పోయాయి. గాలి ఆయనకెలా వినపడుతుంది?

అక్టోబర్ 14

ఒక పెద్ద కంపెనీకి ఆన్‌లైన్‌లో నిండు బొంత చెప్పాను. నాలుగు రకాలు ఉన్నాయి, కంపెనీ పేరు నచ్చలేదు గానీ కొలత నచ్చింది. బొంత కొనడం రాజకీయం కాదు. వ్యాసం రాయడం రాజకీయం.

అక్టోబర్ 19, ఆదివారం

రాశాను. ఒక్క బిగిన. ఇలాంటి ఊపు పాతికేళ్ల కింద పింఛన్ల మీద రాసినప్పుడు వచ్చింది, మళ్లీ ఇప్పుడు.

పేరు: "పాదాలు ఒంట్లోవి కావా?"

మధ్యలో ఒక చోట నాకే ఒళ్లు జలదరించింది. ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను: "పొద్దున్నుంచీ పదిమైళ్లు మోసింది ఎవరు? రాళ్లు తిన్నది ఎవరు? బొబ్బలెక్కింది ఎవరు? రాత్రి వెచ్చదనం పంపకానికి వచ్చేసరికి బొంత పిక్కల దగ్గర ఎందుకు ఆగిపోతుంది? ముప్పాతిక బొంత అంటే మూడొంతుల న్యాయం. పళ్ల బ్రష్షు పిడి కోసుకుని వీపు సంచి అరౌన్సు బరువు తగ్గిందని మురిసిపోయే తీరికమంతుల మోజు కోసం పాదాలు చలిలో నిలబడాలా?"

పాదాలు చలిలో నిలబడాలా! అబ్బా.

ఆర్డిత్ పేరు ఎక్కడా ఎత్తలేదు. మన జిల్లాలో ముప్పాతిక బొంతలు కుట్టేది తనొక్కతే అయితే అది నా తప్పా.

నవంబర్ 3

మెర్ల్ స్టాఫర్ తన నెలవారీ పత్రికలో మొత్తం వేశాడు. ఒక్క కామా తియ్యలేదు. అడవిలో ఉయ్యాలలు కట్టుకుని పడుకునేవాళ్లు నూట నలభై మందికి పోతుంది ఆ పత్రిక. కరెంటు స్తంభాలెక్కి బతికిన మనిషి, ఓటు వేసేది నాకు గిట్టని పార్టీకి, అయినా అచ్చువేసేటప్పుడు నిజాయితీపరుడు.

ఫోను చేశాడు. "మాక్సీనమ్మా, నీ వ్యాసం చదివి మా ఆవిడ నా పాదాలకి క్షమాపణ చెప్పింది."

"నవ్వు నాయనా, నవ్వు. నీకెంత పొడుగు బొంత ఉంది?"

"నిండుదే. ఆరడుగుల నాలుగంగుళాల వాణ్ని, నాకింకేం సరిపోతుంది?"

"చూశావా! నీకు నిండు, మాకు ముప్పాతిక!"

"అది కాదమ్మా..." అన్నాడు. నేను అప్పటికే పెట్టేశాను.

నవంబర్ 6

బొంత వచ్చింది. మెత్తగా, మేఘంలా ఉంది. లోపల అంచున ఒక చీటీ కుట్టి ఉంది, ఎక్కడ తయారైందో, ఏ దేశంలోనో. కత్తెరతో కోసేశాను. దురద పెడతాయి అలాంటి చీటీలు.

బొంత ఉయ్యాలకి బయట ఉంటుంది కదా, నీకెలా దురద పెడుతుంది అన్నాడు లెస్టర్. ఈయనకి అవసరమైనప్పుడు మాత్రం అన్నీ అర్థమవుతాయి.

నవంబర్ 15, శనివారం

వాగు ఒడ్డున ఈ చలికాలం మొదటి పడక. ఏడుగురం. ఆర్డిత్ రాలేదు. ఇరవై ఆరు డిగ్రీల ఫారెన్‌హీట్, పొద్దున బకెట్లో నీళ్లు గడ్డకట్టి పలకలా ఉన్నాయి. కాఫీ దగ్గర మామూలు ప్రశ్న తిరిగింది. ఎలా పట్టింది నిద్ర, వెచ్చగా ఉందా? అందరికీ వెచ్చగానే ఉంది. ఎప్పుడూ అందరికీ వెచ్చగానే ఉంటుంది.

నేను గట్టిగా చెప్పాను. "పొయ్యి పక్కన పిల్లిలా పడుకున్నాను."

నవంబర్ 16

పళ్లు టకటకలాడిన మాట నిజమే. అది చలి కాదు. ఆర్డిత్ అన్న మాటలు గుర్తొచ్చి ఆవేశం.

వీపు మధ్యలో కూడా ఆవేశం వచ్చింది. నడుం కింద మరీ ఎక్కువ వచ్చింది.

నవంబర్ 29, శనివారం

జింకల వేట ఇవాళ మొదలు. అడవి నిండా తుపాకులు, నారింజ రంగు చొక్కాలు. అందుకే పెరట్లో మేపుల్ చెట్టుకీ గ్యారేజీ స్తంభానికీ ఉయ్యాల కట్టాను. చలేసి కాదు. ముడులు సరిచూసుకోవడానికి.

కింద చెయ్యి పెట్టి చూసేవాళ్లు ఒకరు కావాలి. మన ఉయ్యాలలవాళ్ల పద్ధతే అది. ఒకరు పడుకుంటారు, ఇంకొకరు ఉయ్యాలకీ బొంతకీ మధ్య చెయ్యి దూర్చి, ఎక్కడ ఆనింది, ఎక్కడ ఖాళీ ఉందో చెబుతారు. పడుకున్నవాడికి తన వీపు కింద ఏముందో ఎప్పటికీ కనపడదు. నాకు ఇన్నేళ్లూ చూసింది ఆర్డిత్. మెర్ల్‌ని అడగొచ్చు. అడిగితే పత్రికలో వేస్తాడు.

లెస్టర్‌ని పిలిచాను. ఒక చేత్తో కాఫీ కప్పు, రెండో చెయ్యి కిందకి దూర్చాడు.

"ఆనిందా?"

"ఏది?"

"బొంత, లెస్టర్! వీపుకి ఆనిందా?"

"భుజాల దగ్గర ఆనింది. పాదాల దగ్గర ముద్దగా కుచ్చులుంది. మధ్యలో..."

"ఆఁ, మధ్యలో?"

"మధ్యలో నా చెయ్యి పట్టింది. కాఫీ కప్పు కూడా పట్టేట్టుంది. పెట్టి చూడనా?"

రబ్బరు తాళ్లు బిగించమన్నాను. బిగించాడు. బిగిస్తే బొంత నొక్కుకుపోయి రొట్టెలా అయింది, నూగు చచ్చింది. వదులు చేస్తే మళ్లీ మధ్యలో జారింది. గంటన్నర. మూడు రకాల ముడులు.

"పొట్టి ఉయ్యాలకి పొడుగు బొంత, అంతేనే" అన్నాడు, చెయ్యి ఇంకా నా నడుం కిందే ఉంచి. "ఆర్డిత్ చెప్పింది ఇదేగా?"

"నువ్వు ఆర్డిత్ పక్షమా?"

"నేను చలి పక్షం. లోపలికి పోదాం పద."

డిసెంబర్ 9

లెస్టర్ పోస్టాఫీసులో ఆర్డిత్‌ని చూశాడట. రాత్రి భోజనం దగ్గర, బంగాళాదుంప కలుపుకుంటూ, వాతావరణం చెప్పినట్టు చెప్పాడు.

నా వ్యాసం వచ్చాక తొమ్మిది మంది ఆర్డిత్ దగ్గర చెప్పిన బొంతలు వద్దనుకున్నారట. తొమ్మిది మందీ నిండు బొంతలు కొన్నారట. ఎక్కడ కొన్నారంటే, నేను కొన్న కంపెనీలోనే. జనవరిలో ఉయ్యాలలవాళ్లంతా కలిసే జాతరకి ఆర్డిత్ మిగిలిన సరుకు పట్టుకొచ్చి అయినకాడికి అమ్మేస్తుందట. ఫిబ్రవరి మొదటి తేదీ నుంచి హైవే పక్క గోదాములో పెట్టెలు కట్టే పనికి పేరు ఇచ్చింది. కుట్టు మిషను కూడా అమ్మకానికి పెట్టింది.

"అరవై ఒకటి దానికి. పది గంటలు నిలబడాలి అక్కడ" అన్నాడు.

"తెలుసు."

"నీకు తెలుసని నాకూ తెలుసు. ఉప్పు ఇటివ్వు."

డిసెంబర్ 10

గోదాముల్లో పనివాళ్ల దుస్థితి మీద ఘాటుగా ఒక వ్యాసం రాయాలి.

డిసెంబర్ 13

రాయలేదు.

డిసెంబర్ 14

సూత్రం వేరు, వ్యక్తులు వేరు. నేను రాసింది సూత్రం. పాదాలకి బొంత ఉండాలి. ఉండాలి కదా? ఒక ఆడమనిషి గ్యారేజీలో తన చేతులతో కుట్టిన దాన్ని కాదని, ఎవరో ఎక్కడో ఎంత కూలికి కుట్టారో తెలియని దాన్ని కొనమని నేనెవరికీ చెప్పలేదు.

నేనే కొన్నాను. చెప్పలేదు.

డిసెంబర్ 27

ఫోను తీశాను. ఆర్డిత్ నంబరు నొక్కాను. అటు తీసింది. "హలో" అంది. నేను పెట్టేశాను. నంబరు కనపడుతుందని తర్వాత గుర్తొచ్చింది.

జనవరి 5

జాతరకి వెళతాను. వెళ్లకపోతే ఓడినట్టు.

జనవరి 17, శనివారం, మధ్యాహ్నం. కారులో కూర్చుని రాస్తున్నాను

ముప్పై నాలుగు ఉయ్యాలలు ఈసారి. హెమ్లాక్ చెట్ల మధ్య రంగురంగుల పడవల్లా వేలాడుతున్నాయి. నిన్న రాత్రి తొమ్మిది డిగ్రీలు. ముప్పై రెండుకే గడ్డకట్టే నీళ్లకి తొమ్మిది అంటే ఏమిటో రాసుకోనక్కర్లేదు. గుడ్లు పగలగొడితే లోపల గోళీల్లా ఉన్నాయి.

రాత్రి ఒంటిగంటకి కారు బ్యాటరీ బాగుందో లేదో చూడాలనిపించింది. లేచి వచ్చి ఇంజను వేశాను. హీటరు కూడా చూడాలి కదా, వేశాను. అలా చూస్తూ చూస్తూ ఐదున్నర అయింది.

ఎవరో అద్దం మీద కొట్టారు. ఆర్డిత్. మూడు నెలల తర్వాత మొదటిసారి ఎదురుపడటం. చేతిలో టార్చి, నెత్తిన ఉన్ని టోపీ, ముక్కు ఎర్రగా.

అద్దం దించాను.

"బ్యాటరీ ఎలా ఉంది?" అంది.

"బాగానే ఉంది."

"నాలుగున్నర గంటలు చూశావు. బాగుండక ఏమవుతుంది?"

"నువ్వు నిద్రపోలేదా?"

"వెచ్చగా పడుకున్నాను. నీ ఇంజను గోలకి లేచాను. రా బయటికి."

"ఎందుకు?"

"రావే. దెబ్బలాట తర్వాత పెట్టుకుందాం. ముందు ఆ ఉయ్యాలలో పడుకో."

దిగి వెళ్లి పడుకున్నాను. చేతి తొడుగు తీసి, చెయ్యి నా నడుం కిందకి దూర్చింది. ఆ చెయ్యి మంచులా లేదు, వెచ్చగా ఉంది. ఎందుకో కళ్లల్లో నీళ్లొచ్చాయి. చలిగాలికి.

"ఇదిగో, ఇక్కడ" అంది ఆర్డిత్. "నాలుగంగుళాల ఖాళీ. ఇదేనమ్మా నీ సిద్ధాంతం. దీనిలోంచే రాత్రంతా గాలి కొడుతోంది."

"పాదాలు వెచ్చగానే ఉన్నాయి" అన్నాను.

"పాదాలు వెచ్చగా, మనిషి చల్లగా. శవపేటిక దుకాణంలో కూడా ఇలాంటి సరుకు అమ్మరు."

నవ్వొచ్చింది. తను నవ్వలేదు. తన బండి వెనక తలుపు తీసి ఒక ముప్పాతిక బొంత తెచ్చింది, నీలం రంగుది. నా నిండు బొంత విప్పేసి, దాన్ని కట్టింది. పిక్కల కింద ఆపింది. తాళ్లు రెండంగుళాలు లాగింది, ఒకటి వదిలింది. మళ్లీ చెయ్యి దూర్చింది. ఈసారి చెయ్యి తీసుకోవడానికే కష్టపడింది.

"ఎంతకి?" అన్నాను.

"అమ్మను. ఈ రాత్రికి వాడుకో. రేపు ఇచ్చెయ్. అమ్మేవి వేరే ఉన్నాయి, కొనేవాళ్లే లేరు."

"ఆర్డిత్, ఆ వ్యాసం..."

"చదివాను. బాగా రాశావు. నేనే కొనకూడదేమో అనిపించింది నా బొంతలు." చేతి తొడుగు వేసుకుంటూ అంది. "నాకు నీ క్షమాపణ వద్దు. అది కూడా బాగా రాస్తావు, తెలుసు నాకు. రేపు పొద్దున కాఫీ దగ్గర ఎలా పట్టింది నిద్ర అంటారు కదా. నిజం చెప్పు. అంతే."

అంతేనట. అదెంత!

పొద్దున్నుంచీ తన బల్ల దగ్గరకి ఎవరూ రాలేదు. పదకొండు బొంతలు మడతపెట్టి పెట్టుకుని, ముందు కూర్చుని అల్లుకుంటోంది. ఇక్కడి నుంచి కనపడుతోంది. ఒకావిడ వచ్చి ఒక బొంత ముట్టుకుంది, కిందకి చూసి, "ఇది పాదాల దాకా రాదు కదా" అనడం పెదాల్లో చదివాను. నా వాక్యం అది.

జనవరి 18, ఆదివారం

పడుకున్నాను. ఆరు డిగ్రీలు. ఎనిమిది గంటలు. ఒక్కసారి కూడా లేవలేదు. పాదాల కింద చాప ముక్క. చాప ముక్కే! దాని మీద ఇక ఏమీ రాయను.

కాఫీ దగ్గర ముప్పై మందిమి. మెర్ల్ పెనం మీద స్క్రాపుల్ అనే పందిమాంసం ముక్కలు కాలుస్తూ వరసగా అడుగుతున్నాడు. వెచ్చగా ఉందా? వెచ్చగా. నీకు? వెచ్చగా. నా వంతు వచ్చింది. ఆర్డిత్ అటు పక్క నిలబడి కప్పులోకి చూస్తోంది.

"వెచ్చగా పడుకున్నాను" అన్నాను. "చాలా వెచ్చగా. ఎన్నడూ లేనంత."

"ఆఁ, సరే" అన్నాడు మెర్ల్, తర్వాతి మనిషి వైపు తిరిగి. "నీకు?"

ఎవరూ తల కూడా ఎత్తలేదు! జీవితంలో మొదటిసారి ఆ కాఫీ దగ్గర నిజం చెప్పాను, గాలిలో కలిసిపోయింది. నవంబరులోనూ అదే అన్నాను, డిసెంబరులోనూ అదే అన్నాను, అంతే గట్టిగా. ఇది నిజమనీ అవి కావనీ ఎవరికి తెలుస్తుంది?

బెంచీ ఎక్కాను.

"మిత్రులారా" అన్నాను.

"అయిపోయాం" అన్నారెవరో.

"మిత్రులారా, వ్యక్తి అనుభవానికీ సామూహిక సూత్రానికీ మధ్య ఉండే వైరుధ్యాన్ని మనం..."

"మాక్సీనమ్మా" అన్నాడు మెర్ల్, గరిటె ఎత్తి. "ముక్కలు మాడుతున్నాయి. ఒక్క ముక్కలో చెప్పు."

"అంటే, మారిన పరిస్థితుల్లో..."

"చలేసిందా?"

"నిన్న వెయ్యలేదు."

"మరి?"

ఆర్డిత్ తలెత్తి చూసింది.

"ముందు వేసింది" అన్నాను. "నిండు బొంత కట్టిన ప్రతి రాత్రీ వేసింది. శుక్రవారం కారులో పడుకున్నాను. నిన్న ఆర్డిత్ బొంత కట్టుకుని నిద్రపోయాను. ముప్పాతికది. నేను పొట్టిదాన్ని, నా ఉయ్యాల పొట్టిది, నిండు బొంత నాకు పొడుగు. ఆర్డిత్ అక్టోబరులోనే చెప్పింది. నేను వినలేదు, వినకపోగా వ్యాసం రాశాను. నా వ్యాసం చదివి బొంత మార్చుకున్నవాళ్లకి నేను అబద్ధం చెప్పాను. చలి వేసినా వెయ్యలేదని చెప్పాను. రెండు నెలలు."

పెనం మీద నూనె చిటచిట మాత్రం.

నేను పొగడ్తలకి అలవాటుపడ్డాను, తిట్లకి ఇంకా ఎక్కువ అలవాటుపడ్డాను. ఏమీ అనకపోవడం మాత్రం ఇంతవరకూ అనుభవంలో లేదు. బెంచీ మీంచి ఎలా దిగాలో తెలియలేదు.

అప్పుడు లుడీన్ అనే చిన్న ఆవిడ, ఊళ్లో గ్రంథాలయం చూసుకునే ఆవిడ, నాకన్నా పొట్టి, కప్పు రెండు చేతులతో పట్టుకుని మెల్లిగా అంది: "నాకూ వేసింది. నేనూ వ్యాసం చదివే కొన్నాను. నిన్న రాత్రి ఉన్న బట్టలన్నీ వేసుకున్నాను, వాన కోటుతో సహా."

"నాకూ" అన్నాడు ఆమె పక్కనాయన. "నేను ఒప్పుకోవడం మొదటిసారి. మా ఆవిడకి కూడా చెప్పలేదు."

"చెప్పక్కర్లేదు, నీ పక్క ఉయ్యాలే నాది, వణుకుడికి చెట్టు ఊగింది" అంది వాళ్లావిడ.

మెర్ల్ ఒక్కడే బుద్ధిగా అన్నాడు, "నాకు మాత్రం నిండుదే సరిపోయిందర్రా. నిజంగా. నా కాళ్లు అలాంటివి." ఎవరూ నమ్మలేదు. పాపం, అదొక్కటే పూర్తి నిజం.

ఆర్డిత్ తన బల్ల దగ్గరకి వెళ్లి కూర్చుంది. కాసేపటికి లుడీన్ వెళ్లింది. తర్వాత ఇంకో ఇద్దరు.

నీలం బొంత మడతపెట్టి తిరిగి ఇచ్చాను. తీసుకుంది. "పొట్టి మనుషులకి పెద్ద గొంతు ఎందుకిస్తాడో దేవుడు" అంది. అంతే అంది.

జనవరి 19

నా వ్యాసానికి నేనే ఖండన రాసి మెర్ల్‌కి పంపాను. అసలు వ్యాసం కన్నా పదహారు వాక్యాలు ఎక్కువ వచ్చింది. లెస్టర్ చదివి, "ఇందులో కూడా నువ్వే గెలిచావే" అన్నాడు. మెర్ల్‌తో అది తీసేయించి, నాలుగు వాక్యాలు పంపాను.

జనవరి 22, గురువారం

ఆర్డిత్ ఫోను చేసింది. నేను మాట్లాడబోయేలోగానే అరవడం మొదలుపెట్టింది.

"ఏం చేశావో తెలుసా నువ్వు? పదమూడు మంది అడిగారు. ఎవడూ ముప్పాతిక అనడు, ఎవడూ నిండు అనడు. 'నా పొడుక్కి తగ్గట్టు కుట్టు' అంటారు! నా దగ్గర రెండు నమూనాలే ఉన్నాయే! పదమూడు మందినీ ఉయ్యాలలో పడుకోబెట్టి, ఒక్కొక్కరికీ చెయ్యి పెట్టి కొలవాలి. ఒక్కదాన్ని ఎలా కొలుస్తాను? టేపు పట్టుకునేవాళ్లు ఒకరు, రాసేవాళ్లు ఒకరు కావొద్దూ?"

"గోదాము?"

"ఏ గోదాము? ఏడు వారాలు ఇక్కడ కుర్చీలోంచి లేవడానికే లేదు. మిషను చూడ్డానికి వచ్చినవాణ్ని వెనక్కి పంపాను. శనివారం రా. రాసేపని నీది, అందులోనైనా ఏమీ చేర్చకు, అంకెలు వెయ్యి చాలు."

"జీతం ఎంత?" అన్నాను. "కూలి లేని చాకిరీ మీద నా అభిప్రాయం నీకు తెలుసు."

"మధ్యాహ్నం సూపు పెడతాను. నోరు మూసుకుని తొమ్మిదింటికి రా."

ఇది దోపిడీ. పచ్చి దోపిడీ. స్నేహం పేరుతో జరిగే చాకిరీ మీద ఇంతవరకూ ఎవరూ సరిగ్గా రాయలేదు.

ఎనిమిదింటికే వెళతాను.